ఫొటో చూసి చెక్కితే వుడ్‌కట్ బండి స్టిక్కర్‌లా వస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

సుబేదారి పోరడు:

అందరికీ నమస్తే. ఇక్కడ ప్రింట్లు తీసేవాళ్ళు కొందరు ఉన్నారని చూసి అడుగుతున్నా. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

నేను హన్మకొండలో ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్‌ని. పుట్టినరోజు ఫ్లెక్సులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సులు, నాయకుడి ఫొటో పెద్దగా పెట్టి కింద ఇరవై మంది ముఖాలు హోదాను బట్టి సైజులు తగ్గిస్తూ అతికించడం, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే పని. నిరుడు నెట్‌లో వేరే ఏదో వెతుకుతుంటే ఫ్రాన్స్ మాసెరీల్ అనే బెల్జియం ఆయన చెక్క మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలు, అంటే వుడ్‌కట్‌లు, కనబడ్డాయి. 1925లో వచ్చిన పుస్తకం, ‘నగరం’ అని పేరు, మొత్తం వంద బొమ్మలు, లోపల ఒక్క మాట కూడా ఉండదు. మొదటి బొమ్మలో ఒకాయన ఊరి బయట గుట్ట మీద గడ్డిలో ఉంటాడు, ఎదురుగా పొగ గొట్టాలు, ఇళ్ళు, మొత్తం పట్నం. అది చూడగానే నాకు ఇంటర్‌లో క్లాసులు ఎగ్గొట్టి పద్మాక్షి గుట్టెక్కి కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, వంద బొమ్మలూ రెండుసార్లు చూశా.

తర్వాత ఆన్‌లైన్‌లో ఉలుల సెట్టు తెప్పించుకున్నా. తెలిసిన వడ్రంగి దగ్గర ప్లైవుడ్ ముక్కలు అడిగి తెచ్చుకున్నా. ఇప్పటికి నాలుగు చేశా. ముసురులో రాత్రి ఎనిమిదింటికి చౌరస్తా, కాజీపేట స్టేషన్లో మెట్ల వంతెన, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద పడుకున్న హమాలీలు, ఆటో అడ్డా. పద్ధతి ఏంటంటే, ఫోన్‌తో ఫొటో తీస్తా, షాపులో కంప్యూటర్ మీద పూర్తి నలుపు తెలుపు చేస్తా, ప్రింట్ తీసి కార్బన్ పేపర్ పెట్టి చెక్క మీదికి దింపుతా, తెల్లగా ఉన్నదంతా తవ్వేస్తా.

కొలతల్లో తప్పులేదు. ఆటో ఆటోలాగే ఉంటుంది. కానీ బొమ్మలో జీవం లేదు. బుల్లెట్ బండి ట్యాంకు మీద అతికించే స్టిక్కర్ ఉంటుంది చూడండి, అచ్చం అట్లా. మా షాపులో తమ్ముడైతే “అన్నా, ఒక్క క్లిక్కుతో వచ్చేదానికి నెల రోజులు తవ్వుతున్నవా” అన్నాడు. సిగ్గేసింది, ఎందుకంటే జవాబు నా దగ్గర లేదు.

తప్పు చెక్కదా, ఉలిదా, నాదా? ఇంకో మాట, మాసెరీల్, జర్మనీ వాళ్ళు చేసిన ఈ పద్ధతిలో మన ఊరిని చెక్కడమే అతకని పనా?


ట్రెడిల్ మామ:

తమ్మీ, బొమ్మ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను అచ్చు సంగతి చెప్తా. మండిబజార్ వైపు ఒక ప్రెస్సులో 31 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. కంపోజింగ్‌తో (అక్షరాలు పేర్చే పని) మొదలుపెట్టి ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చు మిషను) మీద రిటైరైన. పెండ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, నాటకాల కరపత్రాలు అన్నీ నా చేతి మీద పోయినవే.

మొదటిది, ప్లైవుడ్. చెడ్డదేం కాదు గానీ అది పొరలు పొరలుగా ఉంటది. పై పొర నార ఎటు పోతున్నదో దానికి అడ్డంగా ఉలి పెడితే పెచ్చులు లేస్తయి. నీ సన్న గీతలన్నీ అక్కడే పోయి ఉంటయి, నువ్వేమో గీత పోయిందని ఇంకా జాగ్రత్తగా, ఇంకా మెల్లగా చెక్కి ఉంటవు, భయపడుతూ చెక్కిన గీత భయపడుతున్నట్టే అచ్చవుతది. చెక్కే ముందు వడ్రంగి కొట్టే పాలిష్ ఒక పూత వేసి ఆరనియ్యి, పెచ్చులు చాలా తగ్గుతయి. మామిడి చెక్క దొరికితే ఇంకా మంచిది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క చెక్కడానికి వెన్నలా ఉంటది, కానీ మరీ మెత్తన, సన్న గీత నిలబడదు, గట్టిగా ఒత్తితే అణిగిపోతది.

రెండోది, ఉలి పదును. ఆన్‌లైన్ సెట్టులో వచ్చినవి వచ్చినట్టే వాడుతున్నవా? సాన పట్టి, తర్వాత పాత తోలు బెల్టు మీద గీకు. పదును ఉందో లేదో చూడాలంటే నారకు అడ్డంగా ఒక గీత లాగు, గీత అంచు మెరిస్తే పదును ఉన్నట్టు, నూగునూగుగా ఉంటే మళ్ళీ సాన పట్టు. మొద్దు ఉలే చెయ్యి కోస్తది, పదునుది కొయ్యదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకనే ఉండాలె.

మూడోది, ఎక్కడన్నా పాత ప్రెస్సులో సీసం అక్షరాలతో కలిపి నీ బ్లాకు అచ్చు వేయాలనుకుంటే ఎత్తు సరిపోవాలె. అక్షరం ఎత్తు 0.918 అంగుళం, అంటే 23.3 మిల్లీమీటర్లు. 18 ఎంఎం ప్లైవుడ్ కింద అట్టలు పెట్టి లేపుకోవాలె. కానీ నీ బొమ్మల్లో నలుపు ఎక్కువ, అంత నలుపును ట్రెడిల్ సరిగ్గా ఒత్తలేదు, మచ్చలు మచ్చలుగా పడతది. ఇంట్లనే సిరా రోలర్‌తో పూసి, పల్చటి కాగితం పరిచి, గంటె వెనక భాగంతో రుద్దుకో. చెయ్యి నొస్తది, అచ్చు మాత్రం బాగ వస్తది.

ఇంకొకటి మరిచిన. బొమ్మ ఎడమ కుడి తిరగబడుతది. మా ప్రెస్సుకు ఒకసారి ఒక కొత్త పిల్లగాడు చెక్క బ్లాకు చేసి తెచ్చిండు, కిరాణం దుకాణం పేరు, అద్భుతంగా చెక్కిండు, సూటిగా చెక్కిండు. 500 కరపత్రాలు పడ్డంక గాని ఎవరం చూసుకోలె. ఆ సేటు అద్దం ముందర పెట్టుకుని చదివి మమ్మల్ని తిట్టిన తిట్లు నాకింకా యాదికున్నయి.


నల్లసిరా:

మామ చెప్పినవన్నీ పాటించు. కానీ నీ జబ్బు చెక్కలో లేదు, నువ్వు రాసిన ఒక్క వాక్యంలో ఉంది: “కంప్యూటర్ మీద పూర్తి నలుపు తెలుపు చేస్తా”. ఏది నలుపు, ఏది తెలుపు అన్నది ఈ పనిలో అసలు నిర్ణయం. ఆ ఒక్కదాన్నీ మెషీన్‌కి అప్పగించి, కూలిపని నువ్వు తీసుకున్నావు. మీ తమ్ముడి ప్రశ్న న్యాయమైనదే, కోపం తెచ్చుకోకు.

నేను కరీంనగర్ నుంచి. ఫైన్ ఆర్ట్స్‌లో ప్రింట్ మేకింగ్ చదివా, ఇప్పుడు బడిలో డ్రాయింగ్ చెప్తున్నా. నువ్వు అడిగావు కాబట్టి ఈ జర్మనీ వాళ్ళ గొడవ కొంచెం చెప్తా, తెలిస్తే చేతికి పనికొస్తుంది.

1905లో డ్రెస్డెన్‌లో నలుగురు కుర్రాళ్ళు, కిర్ష్‌నర్, హెకెల్, ష్మిట్ రొట్లుఫ్, బ్లైల్, చదివేది ఆర్కిటెక్చర్, చేసేది బొమ్మలు. ‘వంతెన’ అని గుంపు పెట్టుకున్నారు. మరుసటి సంవత్సరం వాళ్ళ ప్రకటనను కూడా కిర్ష్‌నర్ చెక్క మీద చెక్కే అచ్చు వేశాడు, అక్షరాలతో సహా. ఇక్కడ గమనించాల్సింది, అప్పటికే ఫొటోలను అచ్చుబ్లాకుగా మార్చే పద్ధతి వచ్చేసింది, పత్రికలకు చెక్క బ్లాకుల అవసరం తీరిపోతోంది. అంటే మీ తమ్ముడు అడిగిన ప్రశ్న వాళ్ళకీ ఎదురైందే. ఫొటో చేయగలిగింది ఫొటోకే వదిలేశారు. ఉలి జారిన చోట జారనిచ్చారు, చెక్క పెచ్చు లేస్తే లేవనిచ్చారు, తవ్విన తెల్లటి చోట అక్కడక్కడా మిగిలిపోయిన ఉలి చారలను కూడా అచ్చులో ఉంచేశారు. వాళ్ళకంటే ముందు నార్వేలో మూంక్ అనే చిత్రకారుడైతే చెక్కలో ఉన్న నార గీతలే బొమ్మంతా కనబడేలా అచ్చు తీశాడు, ముద్దు పెట్టుకుంటున్న జంట మీదుగా ఆ గీతలు వానలా కిందికి దిగుతుంటాయి. మామ ఏదైతే లోపం అంటాడో అది ఆయనకు వాన.

1911కి ‘వంతెన’ వాళ్ళు బెర్లిన్ చేరారు. 1913లో గుంపు చెడింది కూడా. కిర్ష్‌నర్ ఒంటరిగా రాత్రిపూట వీధులు తిరిగి, తిరుగుతూనే గబగబా స్కెచ్చులు వేసుకుని, ఇంటికొచ్చి చెక్కేవాడు. 1914లో పోట్స్‌డామర్ ప్లాట్జ్ అనే చౌరస్తాను రంగుల్లోనూ వేశాడు, చెక్క మీదా చెక్కాడు. రోడ్డు మధ్య గుండ్రటి దిమ్మె, దాని మీద ఇద్దరు ఆడవాళ్ళు, వెనక మగవాళ్ళు. అంత దగ్గరగా ఉన్నారు, ఎవరి చూపూ ఎవరితోనూ కలవదు. కాళ్ళు కత్తెరల్లా, భుజాలు మేకుల్లా ఉంటాయి. అతనికి సరిగ్గా వేయడం రాక కాదు. ఆ చౌరస్తాలో నిలబడితే తనకు ఎలా గుచ్చుకుందో అలా చెక్కాడు. దాన్నే ఎక్స్‌ప్రెషనిజం అంటున్నాం, పెద్ద మాటే గానీ విషయం ఇంతే.

అన్నిటికంటే ముందు నీకు చూపించాలనుకునేది ఇంకొకటి. వాలొటన్ అని స్విట్జర్లాండ్ ఆయన, పారిస్‌లో ఉండేవాడు, ఈ గుంపు కంటే పన్నెండేళ్ళు ముందే 1893లో ఒక ఊరేగింపు చెదిరిపోవడం చెక్కాడు. జనం అంతా బొమ్మ పైభాగానికి పరుగెత్తిపోతుంటారు, టోపీలు, కోట్లు, నల్లటి వీపులు. కింద సగం బొమ్మ ఖాళీ. ఏమీ లేదు, తెల్లటి రోడ్డు. ఆ ఖాళీ చూస్తే తరిమేవాళ్ళు కనబడకపోయినా తరుముతున్నారని తెలుస్తుంది. నీ ఫొటోకి ఇది చేతకాదు, ఎందుకంటే ఫొటోలో ఆ ఖాళీ చోట గుంతలు, కవర్లు, బిర్యానీ పొట్లాలు, ఎవడో వదిలేసిన చెప్పు అన్నీ ఉంటాయి. తీసేయడమంటే ఏమిటో నీకు ఆ బొమ్మ నేర్పుతుంది.

ఇప్పుడు పని చెప్తా. ఫోన్ ఇంట్లో పెట్టి రాత్రి చౌరస్తాకి వెళ్ళు. ఇరవై నిమిషాలు నిలబడు. ఇంటికొచ్చి చెక్క మొత్తానికి నల్ల సిరా పూసెయ్యి, ఆరాక తెల్ల చాక్‌పీస్‌తో, గుర్తున్నంత మటుకే గియ్యి. పెన్సిల్ వద్దు, రబ్బరు అసలే వద్దు. చెక్క ఇప్పుడు రాత్రి. నువ్వు తవ్వేది వెలుగు మాత్రమే, ఆటో లైటు, చాయ్ బండి బల్బు, తడి రోడ్డు మీద మెరుపు, అంతవరకే తవ్వు. మిగతాది నల్లగా ఉండనీ. నీకు అనుమానం వచ్చిన ప్రతి చోటా వదిలెయ్యి, తవ్వింది మళ్ళీ పూడ్చలేవు, తవ్వనిది రేపు కూడా తవ్వొచ్చు.


చాయ్ బిస్కెట్ 506:

ఇదంతా ఇప్పుడు ఏఐకి చెప్తే పది సెకన్లలో వుడ్‌కట్ స్టైల్ అని ఇచ్చేస్తుంది కదా బ్రో. ఇంతకీ అమ్ముతారా ఇవి? ఎంతకి పోతాయి?


ట్రెడిల్ మామ:

బిర్యానీ కూడా ఫోన్‌ల నొక్కితే వస్తది, అయినా మీ అమ్మ వండుతది గదా. అమ్మకం సంగతి వేరే పోస్టు పెట్టుకో బిడ్డా.


కొత్తవాడ బిడ్డ:

నాకు చెక్కడం రాదు, చూడటం వచ్చు. మా ఇంట్లో మూడు తరాలుగా జంపఖానాలు నేస్తారు, నేను మాత్రం అకౌంట్స్ చేస్తా. ముందే చెప్తున్నా, నల్లసిరా సార్ మీద గౌరవం ఉంది, అయినా ఒక విషయం నాకు మింగుడు పడటం లేదు.

బెర్లిన్ చౌరస్తాలో ఎవరి చూపూ ఎవరితోనూ కలవదన్నారు. సరే, అది బెర్లిన్. మీ ఇద్దరూ మగవాళ్ళు, రాత్రి ఎనిమిదికి హన్మకొండ చౌరస్తాలో ఇరవై నిమిషాలు నిలబడు అని ఒకరు చెప్పడం, సరే అని ఇంకొకరు పోవడం సులువే. నేను ఆఫీసు నుంచి వచ్చి అక్కడ బస్సు కోసం రోజూ నిలబడతా. నా బాధ ఎవరూ చూడకపోవడం కాదు, అందరూ చూడటం. ఆటో అన్న చూస్తాడు, జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చున్న ముగ్గురు చూస్తారు, పండ్ల బండి పెద్దమ్మ చూస్తుంది, ఆమె చూపు వేరు, “ఇంకా బస్సు రాలేదా బిడ్డా” అన్నట్టు ఉంటుంది. పది అడుగులు వేస్తే మా నాయిన తెలిసినవాళ్ళు ఒకరు తగుల్తారు, “ఎవరి బిడ్డవే, శంకరయ్య బిడ్డవా కాదా” అని మొదలు. మా నాయిన పేరు శంకరయ్య కాదు, అయినా రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడాయన, నేను కూడా అవునని చెప్పడం మొదలుపెట్టా. ఈ ఊళ్ళో ఒంటరిగా ఉండటం అన్నది ఒక సౌకర్యం, అది దొరక్కనే కదా పిల్లలు హైదరాబాద్ పోతున్నది.

అందుకని, తమ్ముడూ, నువ్వు ఆ కత్తెర కాళ్ళు, మేకుల భుజాలు తెచ్చి మన చౌరస్తాలో పెడితే అది ఇంకో రకం స్టిక్కరే అవుతుంది, జర్మనీ స్టిక్కర్. కిర్ష్‌నర్ తనకు గుచ్చుకున్నది చెక్కాడంటున్నారు కదా. నీకేం గుచ్చుకుంటుందో నీ పోస్టులో ఎక్కడా లేదు. హమాలీల మీద బొమ్మ చేశానన్నావు, వాళ్ళు పడుకుంటే చేశావు. పడుకున్నవాడు నిన్ను చూడడు, నీకు సౌకర్యం. లేచి ఉన్నవాడిని చెక్కి చూడు.

కొంచెం గట్టిగా రాసినట్టున్నా, ఏమనుకోకు.


నల్లసిరా:

కొత్తవాడ అక్కా, ఇది నేను రాయాల్సింది. పదేళ్ళుగా పిల్లలకు ఆ పోట్స్‌డామర్ బొమ్మ చూపించి ‘నగర ఒంటరితనం’ అని చెప్తున్నా, కరీంనగర్ పిల్లలు బుద్ధిగా రాసుకుంటున్నారు, వాళ్ళలో ఒక్కడైనా ఒంటరిగా బజారుకు పోయినవాడు ఉన్నాడో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఒకటి మాత్రం కలుపుతా. పద్ధతి బయటినుంచి రావడంలో తప్పులేదు, ముఖం బయటినుంచి రాకూడదు. చైనాలో లూ షూన్ అనే రచయిత 1931లో షాంఘైలో ఒక జపాన్ మాస్టారుతో కుర్రాళ్ళకు ఆరు రోజులు వుడ్‌కట్ నేర్పించాడు, తాను పక్కన నిలబడి అనువాదం చేశాడు. జర్మనీ చిత్రకారిణి కేథె కోల్విట్జ్ ప్రింట్లు తెప్పించి చూపించాడు, 1933లో మాసెరీల్ పుస్తకాలు అక్కడ అచ్చయ్యాయి, ఒకదానికి ముందుమాట ఆయనే రాశాడు. తర్వాత ఆ పిల్లలు చెక్కింది మాత్రం వాళ్ళ రిక్షావాళ్ళను, వాళ్ళ వరదలను. మన దగ్గర చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు లినోలియం (చెక్కకు బదులు వాడే మెత్తటి షీటు) మీద పనిచేసే పసిపిల్లలను చెక్కాడు, ఆ పిల్లల కళ్ళు చూస్తే ఎవరి కళ్ళో వేరే చెప్పక్కర్లేదు. నందలాల్ బోస్ 1930లో దండి నడకలో గాంధీని లినోకట్‌గా చేసింది మీరంతా ఎక్కడో చూసే ఉంటారు, నల్లటి నేపథ్యంలో తెల్లటి గీతలతో మనిషి, చేతిలో కర్ర. చెక్కింది ఎంత తక్కువో ఒకసారి మళ్ళీ చూడండి.

కోల్విట్జ్ గురించి ఇంకొంచెం చెప్తా, ఎందుకంటే కళ్ళ మాట వచ్చింది. ఆమె యాభై దాటాక వుడ్‌కట్‌కి వచ్చింది, 1920లో బార్లాక్ అనే జర్మనీ శిల్పి చెక్కినవి చూసి. అంతకుముందు ఎచింగ్‌లో (లోహపు రేకు మీద యాసిడ్‌తో), లిథోలో (రాతి మీద గీసి తీసే అచ్చు) గొప్ప పేరు. కొడుకు యుద్ధంలో పోయాడు 1914లో. ఆ తర్వాత చేసిన ‘యుద్ధం’ అనే ఏడు వుడ్‌కట్‌లలో తల్లులు గుంపుగా పిల్లలను చుట్టేసుకుని ఉండే బొమ్మ ఒకటి ఉంది, చేతులు, ముఖాలు, మిగతాదంతా ఒకే నల్లటి ముద్ద. ఒక తల్లి చెయ్యి ఎక్కడ అయిపోయి ఇంకో తల్లి చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియదు. అక్కడ గుంపు ఒంటరిది కాదు. కాబట్టి తమ్ముడూ, అక్క చెప్పిన చూపుల గుంపును చెక్కడానికి కిర్ష్‌నర్ కంటే ఈమె నీకు దగ్గర. శరీరాలు విడివిడిగా గియ్యకు. ఒకే నలుపు, అందులోంచి కళ్ళు.


సుబేదారి పోరడు:

పదహారు రోజుల తర్వాత వస్తున్నా. అక్కా, ఏమనుకోలేదు. మొదట అనుకున్నా, అబద్ధం చెప్పను, రెండు రోజులు ఈ పోస్టు తెరవలేదు.

ఫోన్ లేకుండా పోయి నిలబడ్డా. మొదటి పది నిమిషాలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత తెలిసింది, ఫోన్ పట్టుకుని ఫొటో తీసేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు, ఊరికే నిలబడ్డవాణ్ణి అందరూ చూస్తారు. ఒక ఆటో అన్న వచ్చి “ఎటు పోవాలె” అన్నాడు, ఎటూ పోనన్నా, ఆయన పోయి ఇంకో ఆటో అన్నకు చెప్పాడు, ఇప్పుడు ఇద్దరూ చూస్తున్నారు. పావుగంటలో ఒక కానిస్టేబుల్ కూడా చూశాడు. రోజూ ఫ్లెక్సుల్లో ఇరవై ముఖాలు అతికించేవాణ్ణి, అవన్నీ కెమెరాను చూసే ముఖాలు, నిజంగా ఇరవై మంది చూస్తే ఎట్లా ఉంటదో నాకు అప్పటిదాకా తెలియదు. అక్క రోజూ నిలబడేది ఇందులోనే అనుకున్నప్పుడు వీపు మీద ఏదో పాకినట్టయింది.

ఇంటికొచ్చి బోర్డుకు నలుపు పూశా. చాక్‌పీస్‌తో గీస్తే ఆటో బొమ్మ సరిగ్గా రాలేదు, చక్రం ఒకటి పెద్దదైంది, వదిలేశా. మధ్యలో బస్ స్టాప్‌లో ఒకామె, ఆమెను మొత్తం నల్లగానే ఉంచా, చుట్టూ సన్నటి వెలుగు అంచు మాత్రం. మిగతావాళ్ళంతా ఒకే ముద్ద, దాంట్లో కళ్ళు. కళ్ళకు వి ఆకారం ఉలితో రెండేసి దెబ్బలు, అంతే, నారకు అడ్డంగా పడ్డవి కొంచెం చిరిగాయి, ఆ చిరిగినవే ఎక్కువ చూస్తున్నట్టున్నాయి. పండ్ల బండి పెద్దమ్మ కళ్ళు మాత్రం గుండు ఉలితో గుండ్రంగా తీశా, అక్క చెప్పిన తేడా రావాలని. వచ్చిందో లేదో మీరే చెప్పాలి. కింద మూడో వంతు తడి రోడ్డు, అక్కడ ఏమీ చెక్కలేదు. వాలొటన్ రోడ్డు తెల్లగా ఉంచితే నాది నల్లగా ఉంది, ఒక్క హెడ్‌లైట్ చార తప్ప.

జరిగిన నష్టాలు: ఎడమ బొటనవేలికి రెండు కుట్లు, మామ చెప్పిన రూలు తెలిసీ తప్పినందుకు. బస్సు బోర్డు మీద ‘కాజీపేట’ అని ఎంతో ఓపిగ్గా, ఎంతో అందంగా సూటిగా చెక్కా. అచ్చు తీశాక చూసుకున్నా. మామా, మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు.

అచ్చు తీసి గోడకు ఆరేశా. పొద్దున మా అమ్మ ఊడుస్తూ వచ్చి చూసింది. మామూలుగా నా బొమ్మలు చూసి “మంచిగున్నది” అని పోతుంది. ఈసారి చీపురు పట్టుకుని నిలబడి, “వీళ్ళందరు ఎందుకు చూస్తున్నర్రా ఆ పిల్లని” అంది. తర్వాత దాన్ని నా గదిలో పెట్టుకొమ్మంది, హాల్లో వద్దంది.

ఒక్కటే సందేహం. నలుపు మరీ ఎక్కువ ఉన్న చోట సిరా పేలవంగా పడుతోంది, మధ్యమధ్యలో బూడిద రంగు మచ్చలు. గంటెతో అరగంట రుద్దినా అంతే. ఎందుకంటారు?


కొత్తవాడ బిడ్డ:

ఫొటో పెట్టు. పెద్దమ్మ కళ్ళు నేను చెప్తా వచ్చాయో లేదో.


ట్రెడిల్ మామ:

నవ్విన, ఇంట్లోవాళ్ళు ఏమైందని అడిగేదాకా నవ్విన. ‘కాజీపేట’ను అట్లనే ఉంచు, మార్చకు.

మచ్చలకు కారణం మూడింట్లో ఒకటి. కాగితం మందంగా, పొడిగా ఉండొచ్చు. ముందురోజు రాత్రి తడి బట్టల మధ్య పెట్టి, పొద్దున నీళ్ళు కారకుండా చెమ్మ మాత్రమే ఉన్నప్పుడు వాడు. లేకపోతే సిరా ఒక్కసారే మందంగా పూసి ఉంటవు, పల్చగా నాలుగైదు సార్లు పూయాలె, రోలర్ చప్పుడు వింటే తెలుస్తది, సన్నగా చిటచిటమంటే సరిపోయినట్టు, పచ్‌పచ్ అంటే ఎక్కువైనట్టు. అదీ కాకపోతే ప్లైవుడ్ నడుమ లోపలికి వంగి ఉంటది. సూటి స్కేలు నిలబెట్టి వెలుగుకు పట్టి చూడు, కింద సందు కనబడితే అదే.

మొదటి అచ్చుకు ఎప్పుడూ అంతే, కొత్త చెక్క సిరా తాగుతది. మూడో కాగితం నుంచి లెక్కపెట్టు. ఆదివారం బోర్డు పట్టుకుని రా, నా దగ్గర పాత ప్రెస్సు సిరా డబ్బా ఒకటి ఉంది, మూత తీసి ఆరేండ్లయింది, పైన కట్టిన మీగడ తీసేస్తే కింద మంచిగనే ఉంటది. వేలి కట్టు విప్పినంక రా.